మా ఊరు టౌన్‌లో కలిసింది

ఆదివారం రాత్రి, సెంబవాంగ్, సింగపూర్

మా ఊరిని మున్సిపాలిటీలో కలిపేశారని తెలిసి, లిటిల్ ఇండియాలో మా ఊరి అప్పలరాజు అందరికీ జిలేబీ పంచాడు. కలిస్తేనే టౌన్ నుంచి మంచినీళ్లిస్తామన్నారని గ్రామసభలో ఊరంతా చేతులెత్తింది. మా ఆవిడా ఎత్తింది.

జిలేబీ నోట్లో ఉండగానే తన ఫోన్.

"ఉపాధి పని ఇంక నేదంట. అది పల్లెటూళ్లకేనంట. మనం టౌనోళ్లం అయిపోనాం గదా."

"మరి కుళాయో?"

"గొట్టాలు తెచ్చి రోడ్డు పక్కన పడేసినారు. మేకలు పడుకుంటన్నాయి వాటి మీద." అంతలోనే అడిగింది. "దసరాకి వచ్చెత్తారు గదా?"

"ఆఁ" అన్నాను. ఆ మట్టి పని ఉందన్న ధైర్యంతోనే, ఇక్కడి వర్క్ పర్మిట్ అయిపోగానే ఇంటికొచ్చి ఉండిపోతానని ఇదివరకే మాటిచ్చాను.

సాయంత్రం డార్మిటరీకొచ్చి, పర్మిట్ పొడిగించమని షిప్‌యార్డ్ సూపర్‌వైజర్‌కి మెసేజ్ పెట్టాను. "ఓకే లా" అని ఇక్కడి యాసలో వెంటనే జవాబొచ్చింది.

ఆవిడకి ఇంకా చెప్పలేదు. చెబితే, తను చెయ్యెత్తడం వల్లే నేను రావడం లేదనుకుని కుమిలిపోతుంది. నీ వల్ల కాదు అందామంటే, పాడు నోరు, ఆ ఒక్క అబద్ధమూ ఆడనంటోంది…