మాట్లాడింది నేను కాదు, బీరు

మామయ్యగారికి నమస్కరించి డానిలో రాసేది.

మంచు పడటం మొదలైంది, మోకాళ్ళ నొప్పులెలా ఉన్నాయని అడగాలి. అడిగే ముఖం లేదు. రెండు వీధుల అవతలే ఉండి ఉత్తరం రాస్తున్నది అందుకే.

ఆదివారం మీ ఇంటి విందులో మీ అబ్బాయి కజుహిరో బావగారిని అందరి ముందూ అనరాని మాట అన్నాను. తన దగ్గర పని కోసం వచ్చిన విదేశీ అమ్మాయిల పాస్‌పోర్టులు బీరువాలో దాచి, వాళ్ళ చేత ఆల్చిప్పలు ఒలిపించే బానిసల వ్యాపారి అన్నాను. అన్నది నేను కాదు, బీరు. తాగినప్పటి మాట తెల్లారితే చెల్లదన్నది మీ ఊరి పద్ధతే కదా, అలాగే కొట్టేయండి.

ఇంకో సిగ్గు కూడా ఉంది. ఇంటికొస్తూ సైకిల్‌తో సహా పంటకాలువలో పడ్డాను. తాగి సైకిలెక్కినా నేరమే, మూడేళ్ళ దాకా జైలు, లేదా ఐదు లక్షల యెన్ల దాకా జరిమానా, విదేశీయుడైతే వీసాకీ ముప్పు, తెలియదంటే కుదరదు అని మా విదేశీ కార్మికులకు కరపత్రం రాసి పంచింది నేనే. అదృష్టం, పోలీసులు చూడలేదు. శాశ్వత నివాసం కోసం నేను పెట్టిన దరఖాస్తు ఇంకా ఆఫీసులోనే ఉంది, దాని మీద హామీ సంతకం మీది. కాబట్టి కాలువ సంగతి మన మధ్యే ఉండనివ్వండి.

ఇట్లు,
తలెత్తలేని అల్లుడు డానిలో

తా.క. సైకిలెక్కుతాడని తెలిసీ మందు పోసినవాళ్ళకీ రెండేళ్ళ దాకా శిక్ష ఉంది. మీరేమీ కంగారుపడకండి.

*

అల్లుడు డానిలోకి షిగెజో రాసేది.

మోకాళ్ళు బాగానే ఉన్నాయి. మిగతాదేదీ బాగాలేదు.

పోసింది నేనే. సైకిల్ మీద వచ్చావని తెలిసే పోశాను. చాలు మామయ్యా అని నువ్వంటే, నా ఇంట్లో అతిథి కప్పు ఖాళీగా ఉండాలా అని దెప్పాను కూడా. ఇప్పుడు నన్ను కాపాడటానికి నువ్వు నేరం దాచుకుని బతుకుతానంటున్నావు. ఎక్కడి నుంచో వచ్చినవాడివి, నీకున్న పరువు నాకు లేకపోతే ఎలా? ముల్లంగి ఊరగాయ జాడీలకెత్తగానే స్టేషన్‌కెళ్ళి లొంగిపోతాను.

వీధి సంఘం పెద్దరికానికి రాజీనామా ఇచ్చేశాను. కారణం నేరం అని చెప్పాను. ఏం నేరమని ఎవరూ అడగలేదు, మర్యాదస్తులు. నేరస్థుడు ఇంకొకరికి హామీ ఉండకూడదు కనక నీ దరఖాస్తు మీది సంతకం వెనక్కి తీసుకుంటున్నాను.

సిగ్గుతో,
షిగెజో

తా.క. జైల్లోకి సొంత బనియన్లు తీసుకెళ్ళనిస్తారా? నీ కరపత్రంలో ఆ సంగతి లేదు. మీ అత్తయ్యను సర్దమంటే నవ్వుతోంది. పాపం, మతి చెదిరినట్టుంది.

*

మామయ్యగారూ, దయచేసి లొంగిపోకండి.

పోశానని మీరంటే, తాగిందెవరని పోలీసులడుగుతారు. అసలీ చట్టం ఎవరి మీద పడుతుందో చూడండి. కారున్న దొర తాగితే అద్దె డ్రైవరును పిలిపించుకుని వెనక సీట్లో గురకపెడతాడు. సైకిల్ తప్ప గతిలేని కూలివాడు కాలువలో పడి నేరస్థుడవుతాడు. ఇదెక్కడి న్యాయం?

పై ముక్క నా కరపత్రంలో లేదు. ఉండకూడదు కూడా. నా సైకిల్ గుద్దితే చచ్చే ముసలమ్మకి నేను పేదవాణ్ణయితే ఏం ఒరుగుతుంది? భయంతో రాశాను. కొట్టేస్తే మీకు నా అసలు రంగు తెలియదని ఉంచేశాను.

నాకు ఇక్కడే ఉండాలనుంది మామయ్యా. మీ అమ్మాయి మినాయేని వదిలి ఎక్కడికి పోను? బావగారికి కూడా క్షమాపణ రాసి పంపాను. మాట్లాడింది మత్తేననీ, పాస్‌పోర్టుల సంగతి నాకేమీ తెలియదనీ రాశాను. ఆ అమ్మాయిలు నా ఎదుట ఏడుస్తూ చెప్పుకున్నదే అయినా.

మీ కాళ్ళు పట్టుకుంటూ,
డానిలో

తా.క. కాలువలో నీళ్ళే లేవంటోంది మినాయే. నేను ఈదినట్టు నాకు బాగా గుర్తు. ఎంత తాగి ఉంటానో మీరే ఆలోచించండి.

*

డానిలోకి,

నీ ఉత్తరం వచ్చేసరికి బనియన్ల మూటతో స్టేషన్‌లో ఉన్నాను. ఏం పోశారు తాతగారూ అన్నాడు పోలీసాయన. బీరన్నాను. ఏ బీరన్నాడు. జగ్గులో నింపి వంటింట్లోంచి పంపేది మీ అత్తయ్య, నాకేం తెలుసు? ఇంతలో ఆవిడే ఖాళీ డబ్బాల సంచీతో వచ్చింది. అన్నీ మద్యం లేని బీరు. నా లివర్ గురించి డాక్టరు బెదిరించినప్పట్నుంచీ ఇంట్లో ఇదేనట.

"చెబుదామనే అనుకున్నానండీ," అంది పోలీసాయనతో. "ఇద్దరూ అంత సంతోషంగా తూలుతుంటే నోరు రాలేదు."

వసంతం నుంచీ నేను తూలుతూనే ఉన్నాను. పాటలు కూడా పాడాను. ఆ సిగ్గు నాది, నేను పడతాను.

నేరం లేదన్నారు, టీ ఇచ్చి పంపారు. నీ వీసాకి ఢోకా లేదు, హామీ సంతకం అలాగే ఉంటుంది. కానీ అల్లుడూ, ఆదివారం నువ్వు ఒక్క చుక్క తాగలేదు. మరి ఆ మాట అన్నదెవరు?

కజుహిరో నీ క్షమాపణ తెచ్చి చూపించాడు. "మత్తులో అన్నానని అతనే ఒప్పుకున్నాడు, పోనీలే నాన్నా," అన్నాడు. హాయిగా ఉన్నాడు. నేను ఖాళీ డబ్బా ఒకటి వాడి ముందు పెట్టి చదవమన్నాను. చాలాసేపు చదివాడు. దాని మీద అంత చదవాల్సిందేమీ లేదు. తాగినవాడి మాటైతే మర్చిపోయేవాడు. ఒంటిమీద తెలివున్నవాడి మాటని ఏం చేసుకోవాలో వాడికి తోచలేదు. ఈ పొద్దున బీరువా తాళం తీశాడు.

పాస్‌పోర్టులు చేతికందిన అమ్మాయిలు నీకు దణ్ణం పెట్టాలని మీ ఇంటికి బయల్దేరారు. నువ్వు ఆ మాట వెనక్కి తీసుకున్నావని వాళ్ళకు నేను చెప్పలేదు. అది నువ్వు చెప్పుకోవాల్సింది.

నీ మామ,
షిగెజో

తా.క. తాగకుండానే ఎండు కాలువలో ఈదినవాడివి. ఇకమీదట మా ఇంటికి నడిచి రా.