ఉపగ్రహానికి కనిపించని తాటిచెట్లు

రామన్నపేట, 1996 మే, ఆదివారం

పొలాల్లో చెట్లు గుర్తించమని ఆఫీసులో ఇచ్చిన ఉపగ్రహ చిత్రాన్ని ఇవాళ మా బాపు ముందు పరిచాను. అందులో రంగులు మారి, పచ్చటి చెట్లు ఎర్రగా ఉంటాయి. పొద్దున రైతులెవరూ తమ చెలకను పోల్చుకోలేకపోయారు. బాపు మాత్రం చూడగానే వేలు పెట్టాడు.

"గిది చెరువు, గిది మామిడితోట. తాటిచెట్టు మీదికెల్లి గిట్లనే కనవడ్తది గదా!"

నా చిన్నప్పుడు, తప్పిపోయిన మా మేక ఎటుందో చెట్టు మీద నుంచే కేకేసి చెప్పేవాడు. ఇప్పుడు ఆయన చెట్టెక్కే మోకు చూరుకు వేలాడుతోంది.

ఆయన ఇన్నేళ్లు కల్లు గీసిన చెట్లు ఒక్కటీ చిత్రంలో లేవు. అంత ఎత్తు నుంచి సన్నటి చెట్లు కనిపించవు. రేపు నేనిచ్చే పటంలోనూ ఉండవు. బాధపడతాడేమోనని భయపడుతూనే చెప్పాను.

బాపు నవ్వాడు. "ఎక్కినోనికి తానెక్కిన చెట్టు ఎన్నడన్న కనవడ్డదా బిడ్డా?"