చిన్నాన్న అర్జీలో ఆ మాట

1998 ఆగస్టు, గురువారం

రాళ్ల క్వారీలో మందు పేలి చిన్నాన్న పోయి పదకొండు రోజులు. తప్పు ఆయనదేనని యజమాని అంటున్నాడు. కాదని కలెక్టరుకు ఇంగ్లీషులో అర్జీ రాశాను. బెలూన్ అయితే ‘బర్స్ట్’, బాంబు అయితే ‘ఎక్స్‌ప్లోడ్’ అని కాన్వెంటులో సిస్టర్ నేర్పింది. అప్పుడు నాకు పదికి పది వచ్చాయి.

హెచ్చరిక విజిల్ వేయకముందే ‘ఎక్స్‌ప్లోడ్’ అయిందని రాసి, చిన్నమ్మకు తెలుగులో ‘పేలింది’ అని చదవబోయాను.

“ఆ మాట మళ్లా సెప్పొద్దు పాపా,” అంది. కాగితం వైపు చూస్తూ, “ఇంగ్లీషులో గూడా అంత సప్పుడొస్తాదా?” అని అడిగింది.

“రాదు చిన్నమ్మా,” అన్నాను.

“అయితే అట్నే ఉండనీ,” అంటూ వేలిముద్ర వేసింది. వేలు జారి సిరా అక్షరాల మీదంతా పాకింది. రేపు మొత్తం మళ్లీ రాయాలి, ఆ మాటతో సహా.