నువ్వు బిగించిన స్టీరింగు

తమ్ముడికి,

నేను క్షేమంగానే చేరాను. అందులో నీ గొప్పేమీ లేదు.

"రాయిలా బిగించేశానన్నయ్యా, ఇక చూసుకో" అన్న నీ మాట నమ్మి మన పాత డీజిల్ పికప్పు తీశాను. దిగుడు మలుపులో స్టీరింగు పావు చుట్టు తిప్పినా ముందు చక్రాలు కదల్లేదు. కింద ఒకటే టకటక. నత్తలా నడుపుకుంటూ ఇక్కడి షెడ్డుకి చేర్చాను.

మెకానిక్కు కిందికి దూరి, నన్ను స్టీరింగు అటూ ఇటూ ఆడించమన్నాడు. బయటికొచ్చి, "పైన స్టీరింగు పెట్టె మీద స్క్రూ బిగించిందెవరండీ? నొప్పి మోకాల్లో ఉంటే తలకి కట్టు కట్టారు" అన్నాడు. చక్రాలను తిప్పే కడ్డీ చివర నట్టు ఊడిరావడానికి సిద్ధంగా ఉందట. ఆ నట్టుకి అడ్డుగా ఉండాల్సిన పిన్ను బదులు నువ్వు దూర్చింది తీసి చూపించాడు. విరిగిన జడపిన్ను! సిగ్గుతో చచ్చాను. అటక మీద డబ్బా నిండా అసలు పిన్నులుంటే, నిచ్చెన వేసుకోడానికి ఒళ్ళు బరువా నీకు?

ఆ కడ్డీ చివరకి కొత్త జాయింటు వేయించాను, ఎల్లుండి బయల్దేరతాను. అమ్మ కళ్ళజోడు బాగుచేసి ఇచ్చారా? వంటింటి కప్పు ఇంకా కారుతోందా? దాన్ని మాత్రం నువ్వు ముట్టుకోకు.

అందరూ చల్లగా ఉండండి. జడపిన్ను పోయిందని మీ వదిన మొన్న ఇల్లంతా వెతికింది కదా. మర్నాడు పాపని ఒళ్ళో పెట్టుకుని ఆ బండిలోనే ఆసుపత్రికి వెళ్ళొచ్చింది. ఆ ముక్కలు నా జేబులో ఉన్నాయి. నేను రాగానే నీ చేత్తోనే ఆవిడకిచ్చి, ఎక్కడ దొరికాయో నీ నోటితోనే చెప్పు.

మీ అన్నయ్య