ఊపిరి డబ్బా

బంగారుపాళ్యం
ఆగస్టు 11

చిరంజీవి భానుశ్రీకి మునివెంకటప్ప ఆశీస్సులు.

ముందుగా ఒక మాట. నా చేతిరాత కోడి గీరినట్టు ఉంటుంది. ఒత్తులు ఎక్కడ పెట్టాలో అక్కడ పెట్టను. ఐదో తరగతితో బడి ఆగిపోయింది. తప్పులు దిద్దుకుని చదువుకో తల్లీ, నవ్వుకోవద్దు.

నీ ఉత్తరం అందింది. కింద ఫోన్ నంబరు కూడా రాసినావు. పోయిన ఆదివారం ఎవరో చేసి, నువ్వు హలో హలో అంటుంటే పెట్టేసినారే, అది నేనే. రెండుసార్లూ నేనే. ఫోనులో నాకు మాట రాదు. ఎదురుగా కూడా పెద్దగా రాదు. కాగితమైతే తొందరపెట్టదు.

చెంగయ్య కూతురు మేము పనిచేసిన బొగ్గుగనిలోనే ఉద్యోగానికి చేరిందని చదివి, కాగితం చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. మీ నాయన పోయినప్పుడు నీకు మూడేళ్లు. మీ అమ్మ సిద్ధమ్మ నిన్ను చంకన వేసుకుని రేణిగుంటకు వచ్చేసింది. ఆ నెలలోనే నేనూ గని మానేసి ఇటు వచ్చినాను. ఇరవై రెండేళ్లయింది. నువ్వు గూడూరులో మైనింగ్ చదివినావని, ఇప్పుడు ఆడపిల్లలు కూడా గనిలోకి దిగుతున్నారని నువ్వు రాస్తేనే తెలిసింది.

నేనిక్కడ మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి కాపలా. కాయల కాలం రెండు మూడు నెలలే. అది దాటితే యంత్రాలకు టార్పాలిన్లు కప్పి అందరూ వెళ్లిపోతారు. మళ్లీ మే దాకా నేను, టెంకల కుప్ప. హైవే మీద బస్సులు పోతుంటాయి. ఏదీ ఇక్కడ ఆగదు.

నాయన చివరగా ఏమన్నాడని అడిగినావు. ఏమీ అనలేదు తల్లీ. పొగలో నోట్లో ఊపిరి డబ్బా రబ్బరు ముక్క ఉంటే ఎవరూ ఏమీ అనలేరు.

నీకూ నడుముకు కట్టుకోమని ఆ డబ్బా ఇస్తారు. కింద ఉన్నంతసేపు విప్పవద్దు. అన్నం తినేటప్పుడు కూడా.

ఇట్లు,
మునివెంకటప్ప


లేడీస్ హాస్టలు, గని కాలనీ
ఆగస్టు 24

ప్రియమైన పెదనాయనకు,

మీ రాత బాగానే ఉంది. 'తల్లీ' అన్నచోట ఒత్తు పక్క మాట కిందికి వెళ్లిపోయింది. నేనే తెచ్చి అతికించుకున్నాను.

మీ ఊపిరి డబ్బాను ఇక్కడ సెల్ఫ్ రెస్క్యూయర్ అంటారు. అది నడుముకు లేకుండా ఎవరినీ లోపలికి అడుగు పెట్టనివ్వరు. మేనేజరైనా, గంటసేపు చూసిపోవడానికి వచ్చిన అతిథైనా అంతే. మీ కాలం డబ్బా విషగాలిని వడగట్టేదట. ఇప్పటిది మనం వదిలిన ఊపిరి నుంచే ప్రాణవాయువు పుట్టిస్తుంది. బయటి గాలితో పని లేదు. అరగంట వస్తుంది. బరువు మాత్రం రెండు కిలోల పైనే. నా నడుము ఎముక మీద నల్లగా కమిలింది. మొన్న శిక్షణకు కిందికి తీసుకెళ్లినప్పుడు, భోజనం దగ్గర విప్పి మేకుకు తగిలించాను. సార్ చూసి తిట్టారు. మీ ఉత్తరం అప్పటికే వచ్చి, విప్పకుండా నా మంచం మీద ఉంది.

మీకు రాస్తున్నట్టు అమ్మకు చెప్పలేదు. మీ పేరెత్తితే ఆమెకు ఒకటే మాట. "ఇద్దరు లోపలికి పోయినారు, ఒకడొచ్చినాడు. వచ్చినోడు నోరిప్పలేదు."

విచారణ కాగితాల కాపీ సంపాదించాను. నాయన గురించి అందులో ఒక్క వాక్యం ఉంది. భయాందోళనకు లోనై నోటి ముక్కను తనంతట తాను తొలగించుకొన్నందున మరణించెను అని. మీరు పక్కనే ఉన్నారు కదా. అది నిజమా?

మీ
భానుశ్రీ


బంగారుపాళ్యం
సెప్టెంబరు 6

తల్లి భానుశ్రీకి,

డబ్బా కింద పాత కండువా నాలుగు మడతలు వేసి పెట్టుకో. నడుము కమలదు. ఆ ఉపాయం మీ నాయనది.

ఆయన నోరు ఒక్క క్షణం మూతపడేది కాదు. గనిలో దీపం లేకపోయినా ఆ మాట వెంటబడి నడిచిపోవచ్చు. "ఏమప్పా మునీ, నీ నోటికి తాళమేసి చెవి మీ అత్త చేతికిచ్చి వచ్చినావా?" అని అందరిలో ఆటపట్టించేవాడు. నేను నవ్వేవాణ్ణి. నా బదులు కూడా ఆయనే మాట్లాడేవాడు. టీ కొట్టులో నాకు చక్కెర తక్కువ వేయమని చెప్పేది ఆయనే. ఇప్పుడు ఇక్కడ ఎంత చక్కెర వేసినా తాగేస్తాను.

నువ్వు అడిగిన సంగతి కాగితంలో రాసినారు కదా. అంతకంటే నేనేం రాసేది.

ఇట్లు,
మునివెంకటప్ప


గని కాలనీ
సెప్టెంబరు 20

పెదనాయనకు,

కోపంతోనే రాస్తున్నాను.

మాకు డబ్బా వాడడం నేర్పేది గంగాధరం సార్. నిన్న క్లాసులో ఒక కథ చెప్పారు. ఇరవై ఏళ్ల కిందట ఇదే గనిలో పొగ కమ్మినప్పుడు, ఒక కార్మికుడు గాలి వేడిగా వస్తోందని డబ్బా పాడైందనుకుని నోట్లోంచి పీకేశాడట. రెండు ఊపిర్లు పీల్చాడట, అంతే. వేడి రావడమంటే డబ్బా పనిచేస్తున్నట్టని, ఆయనలా చేయొద్దని చెప్పారు. పేరు చెప్పలేదు. వెనక బెంచీలో ఎవరో నవ్వారు. నేనూ నవ్వినట్టు ముఖం పెట్టాను.

తర్వాత పరీక్ష. పొగ నింపిన గదిలో శిక్షణ డబ్బాతో పది నిమిషాలు నడవాలి. ముక్కుకు క్లిప్పు, పళ్ల మధ్య రబ్బరు. అందులోంచి కావాలనే వేడిగాలి పంపుతారు. నాలుగో నిమిషానికి గొంతు మండింది. అప్పుడే విన్న పాఠం గుర్తుండగానే నా చెయ్యి దానంతటదే లేచింది. తీసేశాను. సార్ సుద్దముక్క తీసుకున్నారు. బోర్డు మీద నా పేరు పక్కన అడ్డగీత పెట్టారు.

అక్టోబరు 28న ఇంకొక్క అవకాశం. అప్పుడూ తీసేస్తే నన్ను గనిలోకి పంపరు. అది కూడా కాదు నా బాధ. భయం రక్తంలో వస్తుందా పెదనాయనా? మా నాయన చెయ్యే నాకు వచ్చిందా?

తెలిసింది చెప్పండి. చెప్పలేకపోతే ఇక రాయకండి.

భానుశ్రీ


బంగారుపాళ్యం
అక్టోబరు 4

తల్లీ,

నాలుగుసార్లు రాసి చించినాను. ఈ మాట ముందు మీ అమ్మకు చెప్పాలి. ఆమెకు చెప్పకుండా నీకు రాయడం న్యాయం కాదు. రేపు రేణిగుంటకు పోతున్నాను.

మునివెంకటప్ప


గని కాలనీ
అక్టోబరు 12

పెదనాయనకు,

అమ్మ ఫోన్ చేసింది. ఆమె చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను.

"మీ నాయన స్నేహితుడు వచ్చినాడు. అరుగు మీద కూచున్నాడు. చెంబుడు నీళ్లిచ్చినా, తాగినాడు. ఇంకో చెంబిచ్చినా, అదీ తాగినాడు. ఏమప్పా ఇంత దూరం వచ్చినావు అంటే, ఎండ జాస్తిగా ఉండాది అన్నాడు. బయట తుంపర పడతా ఉండాది. తాండ్ర పొట్లం ఆడ పెట్టి లేచి వెళ్లిపోయినాడు. మాటలు బస్సులో మర్చిపోయొచ్చినాడేమో."

నాకు నవ్వు రాలేదు. అమ్మ కూడా నవ్వకుండా, "ఆయప్ప ఏందో చెప్పాలనే వచ్చినాడు పాపా" అంది.

పరీక్షకు ఇంక పదహారు రోజులు.

భానుశ్రీ


బంగారుపాళ్యం
అక్టోబరు 15

తల్లీ భానూ,

ఈసారి చించను. ఎన్ని తప్పులున్నా పంపేస్తాను.

ఆ చెయ్యి మీ నాయనది కాదు. నాది.

డబ్బా వాడడం మాకూ నేర్పించినారు. ఆ రోజు నేను వెనక వరసలో నిలబడినాను. వేడి గురించి చెప్పినారో లేదో, నా చెవిన పడలేదు. చివర్లో అర్థమైందా అన్నారు. అందరూ అయిందన్నారు. నేనూ తల ఊపినాను. అడగడానికి సిగ్గు. పక్కనున్న మీ నాయనను అడిగినా చెప్పేవాడు. అదీ అడగలేదు.

బొగ్గు మోసే బెల్టు అంటుకుని పొగ వచ్చిన రోజు, ఇద్దరం గని కప్పు కూలకుండా కింద దుంగలు నిలబెడుతున్నాము. డబ్బాలు విప్పి రబ్బరు నోట్లో పెట్టుకున్నాము. నేను ముందు, ఆయన వెనక. నా భుజం మీద ఆయన చెయ్యి. కాలితో పట్టాలు తడుముకుంటూ నడిచినాము. దీపం వెలుతురు మోచేతి దాకా కూడా రాలేదు. కొంత దూరం పోయేసరికి నోట్లోకి నిప్పులాంటి గాలి వచ్చింది. డబ్బా కాలిపోతోందనుకున్నాను. తీయబోయినాను. మీ నాయన చెయ్యి పట్టుకున్నాడు. విదిలించినాను. మళ్లీ పట్టుకుని, నోట్లో రబ్బరుతోనే ఊఁ ఊఁ అన్నాడు. నాకు అర్థం కాలేదు. రబ్బరు సగం బయటికి లాగినాను.

అప్పుడు ఆయన తనది తీసినాడు. నా చెవికి నోరు ఆనించి చెప్పినాడు.

"వేడుంటే మంచిదేరా మునీ. అది పనిచేస్తా ఉండాది. తియ్యాకు."

నా రబ్బరును నా పళ్ల మధ్యకు ఆయనే నెట్టినాడు. తర్వాత తనది పెట్టుకున్నాడు. కానీ మాట్లాడాలంటే గాలి పీల్చాలి కదా తల్లీ. ఇంకో ఇరవై అడుగులు నా భుజం మీద చెయ్యి ఉంది. తర్వాత లేదు.

వెనక్కి తిరిగి తడిమినాను. చంకల కింద పట్టి, చేతనైనంత దూరం లాగినాను. రబ్బరు ఆయన నోట్లోంచి జారిపోయి ఉంది. అందుకే తర్వాత వచ్చినవాళ్లకు తనే పీకేసుకున్నట్టు కనబడింది. పేరు పెట్టి పిలవాలనిపించింది. పిలవాలంటే నోరు తెరవాలి. తెరవొద్దని చెప్పినాడు. తెరవలేదు. నేను బయటపడి మనుషులను పంపేసరికి ఆలస్యమైపోయింది.

విచారణలో బల్ల అవతల నలుగురు కూర్చున్నారు. భయపడి తీసేసుకున్నాడా అని అడిగినారు. కాదు, నా కోసం తీసినాడు అని చెప్పాలి. చెబితే, నువ్వెందుకు తీయబోయినావంటారు. తెలియకపోతే ముందే ఎందుకు అడగలేదంటారు. తల ఊపినాను. వాళ్లు రాసుకున్నారు. నేను తల ఊపినదే ఇన్నేళ్లకు నీ క్లాసులో కథై వచ్చింది.

ఇరవై రెండేళ్లుగా నోరు మూసుకునే ఉన్నాను. మీ నాయన మూసుకోమన్నది అరగంట సేపే.

మీ అమ్మ ముందు కూడా అంతే అయింది. రెండో చెంబు ఖాళీ అయ్యేసరికి ఆ ఎండ మాట వచ్చింది. ఈ ఉత్తరం ఆమెకు ఫోనులో చదివి వినిపించు. ఆమె ఏమన్నా సరే, నాకు రాయి.

28న వేడి వచ్చి నీ చెయ్యి లేస్తే, అది మునివెంకటప్ప చెయ్యి అనుకో. పట్టుకుని దించు. నాయన మాట ఇప్పుడు నీ చెవిలో కూడా ఉంది. అర్థం కానిది ఏదైనా ఉంటే సార్‌ను అడుగు. పదిసార్లు అడుగు. నవ్వేవాళ్లను నవ్వనీ.

గంగాధరం సార్‌ను ఆ కథ మార్చమను. ఆయన నమ్మకపోతే నేనే వస్తాను. గేటు తాళాలు ఎదురు కొట్టు మునిరత్నానికి ఇస్తాను. మే దాకా ఇక్కడ కాపలా కాయాల్సింది టెంకలనే. అంతమంది ముందు నాకు మాట రాదని తెలుసు. నువ్వు ఈ ఉత్తరం చదువు. నేను పక్కన నిలబడతాను. నువ్వు చదివినదానికి అవునని తల ఊపుతాను. ఈసారి నిజానికే ఊపుతాను.

రావాలో వద్దో ఒక్క ముక్క రాయి. కోపం తగ్గకపోయినా రాయి. ఆలస్యం చేయొద్దు తల్లీ. పోస్టుమాన్ ఈ గేటు దగ్గర సైకిలు దిగేది నీ ఉత్తరం ఉన్నప్పుడే.

మీ నాయన స్నేహితుడు,
మునివెంకటప్ప