మామ పొలంలో బతికున్న మట్టి

బుధవారం, రాత్రి

తిరువళ్లూరు నుంచి మునిరత్నం మామ ఫోన్ చేశాడు. "పాపా, ఈడ వేరుశనగ చెట్టు పట్టుకుంటే చేతికొచ్చేస్తా ఉంది. వేరంతా పురుగు కొరికేసింది."

పురుగుమందు మాన్పించి, మేం ల్యాబ్‌లో పెంచిన, పురుగుని చంపే బూజు పొడి చల్లించింది నేనే. ఆ పొలమే మామ వాళ్లకి ఆధారం. మా షోళింగనల్లూరు ల్యాబ్ కుండీల్లో బూజు ఒక్క పురుగునూ వదల్లేదు. కానీ కుండీల్లో పోసేముందు మట్టిని ఆవిరిలో ఉడికిస్తాం. సూక్ష్మజీవులన్నీ చచ్చాక మా బూజుకి పోటీ ఎవరు? మామది బతికున్న మట్టి. అదే మా బూజుని తినేసిందేమో... ఈ అనుమానం నాకు ముందే ఎందుకు రాలేదు?

తిట్టినా బాగుండేది. "నేనే సరిగా చల్లలేదేమో పాపా, ఇంగో తూరి చల్లేదా?" అన్నాడు.

వద్దనాల్సింది. పొద్దున చెప్తానన్నాను. మామ తెల్లారకముందే లేచి నా ఫోన్ కోసం చూస్తాడు.