సూదులు పట్టిన నోటికి మాట కలదని మనవి

పెద్దాసుపత్రి సూపరింటెండెంటు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మెదడు ఆపరేషన్ల వార్డు, కిటికీ పక్క మంచం మీది దర్జీకి మాట పడిపోలేదనియు, ఆపరేషన్ మెలకువగా ఉంచియే చేయవలెననియు, ఆ సమయమున భార్యను పక్కన కూర్చోనివ్వవలెననియు కోరుట గురించి.

పై విషయమై తమకు విన్నవించుకొనునది:

1. సదరు దర్జీ నా భర్త. ఆయన ఎడమ చెవి పైభాగాన, మాటలుండే చోటును ఆనుకొని గడ్డ కలదు. మహా దురుసు గడ్డ అని, చూస్తుండగానే పెరుగుతుందని డాక్టరుగారు సెలవిచ్చారు. మెలకువగా ఉంచి, మాట్లాడిస్తూ, మాట తడబడిన చోట కత్తి ఆపుతూ తీస్తామని మొదట అన్నారు.

2. మొన్న, మాట ఎంత ఉన్నదో చూచుటకు బొమ్మల పరీక్ష జరిగినది. పరీక్ష పెట్టే మేడమ్ గారు గొడుగు బొమ్మ చూపి ఇదేమిటని అడగగా, మావారు ఆమె ముఖం చూసి ఊరుకున్నారు. కుర్చీకీ అంతే, కత్తెరకూ అంతే. మాట ఇప్పటికే పోయినదని కేసు షీటులో రాసేశారు. పోయిన మాటకు కాపలా దండగ గనుక, పూర్తి మత్తు ఇచ్చి తీయుటకు నిర్ణయమైనది. అనగా ఇక కత్తికి అడ్డు చెప్పేవారు ఉండరు.

వరండాలోకి వచ్చాక నేను, "ఏమయ్యా, గొడుగని చెప్పడానికి నోరు రాలేదా?" అని అడిగాను.

"బొమ్మ చేతిలో పట్టుకుని నన్నడుగుతుందేంటే? ఆవిడకి తెలీదా?" అన్నారు.

అయ్యా, ఇది మాట పడిపోయినవాడి మాటేనా?

3. ఏళ్ల తరబడి పెదవుల మధ్య గుండుసూదులు పట్టి పనిచేసినందున, సూదులు లేనప్పుడు సైతం నోరు మూసుకొని ఉండుట ఆయనకు అలవాటైనది. నేను బస్టాండు మైకులో పొద్దస్తమానం బస్సుల రాకపోకలు చెప్పే మనిషిని. ఇంట్లోనూ ఆ డ్యూటీ నాదే. జవాబు రాకపోవుట నాకు అలవాటే గాని, తమ శాఖవారికి కొత్త అయినట్లున్నది.

4. గడ్డలోంచి ముందుగా తీసిన ముక్కకు జన్యు పరీక్ష చేయించారు. మందును అడ్డుకునే జన్యువు ఒకటి అందులో నోరు మూసుకుని ఉన్నదట, కాబట్టి మందు బాగా పనిచేయవచ్చునట. చాలా సంతోషం. గడ్డలో జన్యువు నోరు మూసుకుంటే శుభం, గడ్డ ఉన్న మనిషి నోరు మూసుకుంటే మాట పోయినట్టు. ఈ రెండు నిబంధనలూ ఒకే ఆసుపత్రివేనా అని తెలియజేయ ప్రార్థన.

5. ఆయన చేత మాట్లాడించు ఉపాయం నా వద్ద కలదు. పక్కన కూర్చుని తప్పు చెప్పాలి, అంతే. నూలు గుడ్డను పట్టు అంటే ఆయన ప్రాణం ఒప్పుకోదు. డాక్టరుగారి పచ్చగౌను కుట్టు అద్భుతమని నేనంటాను. చూడండి, ఆపరేషన్ అయ్యేదాకా ఆయన ఆగితే ఒట్టు.

6. ఇది ఫిర్యాదు కాదు గాని ఫైలులో ఉండనివ్వండి. కొత్త ఉద్యోగానికి యూనిఫారం కుట్టించుకుందామని మొదటిసారి ఆయన కొట్టుకు వెళ్లాను. ఆవేళ పసుపు గౌను వేసుకున్నాను. కొలతలు తీసుకుని, తలెత్తకుండా రసీదు ఇచ్చి పంపారు. ఎలా ఉన్నానో ఆనాడూ చెప్పలేదు, ఈనాటికీ చెప్పలేదు.

ఎంత తీసినా గడ్డ మళ్లీ రావచ్చునని, మందుతో కొంత కాలం కలిసి వస్తుందని డాక్టరుగారు దాచకుండా చెప్పారు. ఆ కాలం ఎంతైనా సరే. నాకు భయంగా ఉందండీ. ఆయన మాట్లాడకపోతే నాకు కోపం వచ్చేది, మాట్లాడలేకపోతే నేను తట్టుకోలేను.

కావున తమరు దయతో చిత్తగించి, కత్తి పట్టకముందే తగు ఉత్తర్వులు ఇప్పించవలెను.

తమ విధేయురాలు,
దర్జీ భార్య, బస్టాండు అనౌన్సరు

తా.క. సంతకం పెట్టాక అర్జీ అంతా ఆయనకు చదివి వినిపించాను. ఆరో నంబరు దాకా ఉలుకూ పలుకూ లేదు. అప్పుడు కళ్లు తెరిచి, "పసుపు కాదే, ఆకుపచ్చ. ఎడమ మోచేతి దగ్గర కుట్టు ఊడింది. చెప్తే సిగ్గుపడతావని చెప్పలేదు" అన్నారు.

నేను కావాలని తప్పు రాయలేదండీ. నిజంగానే మర్చిపోయాను. ఆ గౌను సంగతి ఇప్పుడు ఆయన తలలో తప్ప ఇంకెక్కడా లేదు. అక్కడ కత్తి పెట్టవద్దని డాక్టరుగారికి చెప్పండి బాబూ.